పాత మనిషి మరణం, కొత్త మనిషి నివాసం
తెలుగు పల్లెల క్రైస్తవ చరిత్ర నుంచి కొన్ని పుటలు

విశ్వాసం స్వీకరించిన మనిషి వెనకటి మనిషేనా, లేక వేరొక మనిషా? ఈ ప్రశ్న ప్రతి ధర్మానికీ ఎదురైనదే. క్రైస్తవ ధర్మం దీనికి చెప్పే జవాబు చాలా సూటిగా ఉంటుంది. వెనకటి మనిషి చనిపోయాడు, ఇప్పుడు బ్రతుకుతున్నవాడు కొత్తవాడు, వాడు ఇక నిర్భయుడు అని ఆ ధర్మం అంటుంది. గ్రంథంలో చదివినప్పుడు ఇది వేదాంతం. కాని గత నూటయాభై సంవత్సరాలలో తెలుగు పల్లెల్లో లక్షలాది నిరుపేదలు దీనిని వేదాంతంగా వినలేదు. తమ వెట్టి గురించి, తమ పేరు గురించి, తమ బిడ్డల భవిష్యత్తు గురించి చెప్పిన మాటగా విన్నారు. వారు విన్నదానిలో ఎంత నెరవేరింది, ఎంత నెరవేరలేదు అన్నది తెలుగు దేశపు సామాజిక చరిత్రలో ఒక ముఖ్య అధ్యాయం.

నిజామాబాదు జిల్లాలో ఆర్మూరు, కమ్మర్‌పల్లి వంటి చోట్ల పసుపు చేలలోనూ సంతలోనూ ముస్లిములు, క్రైస్తవులు, హిందువులు పక్కపక్కనే బ్రతుకుతున్నారు. పొరుగువాని విశ్వాసాన్ని వాని మాటల్లోనే అర్థం చేసుకోవడం న్యాయానికి మొదటి మెట్టు. అంతే కాక, ఈ క్రైస్తవుల అనుభవంలో తెలుగు ముస్లిములు తమ గతాన్ని గుర్తుపట్టగల ఘట్టాలు అనేకం ఉన్నాయి.

బోధన ఏమిటి?

ఈ భావానికి మూలం సెయింటు పాల్ రోమా సంఘానికి వ్రాసిన లేఖ. క్రీ.శ. 57 ప్రాంతంలో వ్రాసినట్లు చెప్పే ఆ లేఖ ఆరవ అధ్యాయంలో బాప్తిస్మాన్ని ఆయన ఒక విధమైన మరణంగా, ఖననంగా వర్ణించాడు. క్రైస్తవుల నమ్మకం ప్రకారం నీటిలో మునిగినవాడు క్రీస్తుతోపాటు పాతిపెట్టబడి, క్రీస్తుతోపాటు లేస్తాడు. తెలుగు బైబిలు 'ప్రాచీన స్వభావం' అని పేర్కొన్నది ఆ మునకతో అంతమవుతుంది.

ఇక్కడ పాల్ వాడిన ఉపమానం గమనింపదగినది. అది బానిస, యజమాని ఉపమానం. బానిస చనిపోయిన క్షణంలో యజమాని హక్కు తెగిపోతుంది. శవాన్ని ఎవరూ పనికి పిలవరు. అదే విధంగా పాపమనే యజమానికి మరణించినవానిపై అధికారం లేదని ఆయన వాదన. రోమను సామ్రాజ్యంలో బానిసలు ఎక్కువగా ఉన్న సంఘానికి ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించవచ్చు. దొర ఇంటి ముందు వెట్టికి నిలబడిన తెలుగు మాలమాదిగలకు అది ఎలా వినిపించిందో చరిత్రే చెబుతుంది.

పాల్ మరొక లేఖలో విత్తనం ఉపమానం కూడా వాడాడు. భూమిలో పడిన గింజ గింజగా మిగలదు. మిరుగు కార్తె వానలకు విత్తన కొమ్మును నేలలో పెట్టి, మాఘమాసానికి కొత్త కొమ్ములను త్రవ్వి తీసే పసుపు రైతుకు ఈ ఉపమానాన్ని ఎవరూ వివరించనక్కరలేదు.

ఇక భద్రత మాట. ఆంగ్ల దేశంలో మెథడిస్టు ఉద్యమాన్ని ప్రారంభించిన జాన్ వెస్లీ (1703–1791) 1738 మే 24న లండనులో ఒక ప్రార్థన కూటంలో తన పాపాలు క్షమించబడ్డాయన్న నిశ్చయం తనకు కలిగిందని తన దినచర్యలో వ్రాసుకున్నాడు. విశ్వాసి తన ముక్తిని గురించి సందేహంతో కుమిలిపోనక్కరలేదు, ఆ నిశ్చయాన్ని ఈ లోకంలోనే పొందవచ్చునని ఆయన బోధించాడు. అయితే విశ్వాసి నిర్లక్ష్యం వల్ల పడిపోయే ప్రమాదం ఉందని కూడా హెచ్చరించాడు. కాల్విన్ అనుయాయులు మాత్రం దేవుడు ఎన్నుకొన్నవాడు ఎన్నటికీ నశించడంటారు. నిజామాబాదు, మెదకు ప్రాంతాలకు వచ్చినది వెస్లీ సంప్రదాయం.

ఇస్లామీయ దృక్పథం దీనితో కొన్ని చోట్ల కలుస్తుంది, కొన్ని చోట్ల స్పష్టంగా విడిపోతుంది. ప్రతి శిశువు నిర్మలమైన ఫిత్రత్‌పై జన్మిస్తాడని ఇస్లాం బోధిస్తుంది. ఆదిపాపం వారసత్వంగా వస్తుందన్న భావాన్ని అంగీకరించదు. హజ్రత్ ఈసా (అ) సిలువపై మరణించారన్న విశ్వాసాన్ని దివ్య ఖుర్ఆన్ నిరాకరించింది. ముక్తి నిశ్చయం విషయంలో ముస్లిం భయానికీ ఆశకూ మధ్య నడుస్తాడు. కాని గతం తుడిచిపెట్టబడుతుందన్న శుభవార్త ఇస్లాంలోనూ ఉంది. ఇస్లాం స్వీకారం దానికి ముందున్న పాపాలను చెరిపివేస్తుందని దైవప్రవక్త (స) హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి)కు అభయమిచ్చిన హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. సూఫీలు చెప్పిన ఫనా, బఖా అన్న జంటపదాలు కూడా అహం నశించి దైవంలో నిలకడ పొందడాన్ని గురించినవే. మరణానికి ముందే మరణించాలన్న మాట వారిలో బహుళ ప్రచారం పొందింది. అయితే హదీసు విద్వాంసులు దానిని ప్రవక్త (స) వచనంగా అంగీకరించలేదు.

గుండ్లకమ్మ ఒడ్డున

తెలుగునాట ఈ బోధన సామూహిక రూపం ధరించినది ఒంగోలు ప్రాంతంలో. అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. అదే సంవత్సరం యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థునికి బాప్తిస్మమిచ్చాడు. పేరయ్య తోళ్ళ వ్యాపారి. వ్యాపారం మీద ఉత్తరాదికి వెళ్ళినప్పుడు ఈ కొత్త మతాన్ని గురించి విని, తానే వెదుక్కుంటూ వచ్చాడు.

పేరయ్య వెనకటి జీవితం ఖాళీ పలక కాదన్నది ఇక్కడ ముఖ్యం. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన గ్రంథంలో మాదిగలలో నాడు వ్యాపించి ఉన్న రాజయోగ గురువుల సంప్రదాయాన్ని వివరంగా నమోదు చేసింది. పేరయ్య అటువంటి గురువు వద్ద ఉపదేశం పొంది, విగ్రహాలకు దూరమై, ఏకైక దైవాన్ని వెదకుతూ ఉన్నవాడు. కనుక పాత మనిషి చచ్చిపోయాడని అన్నప్పుడు, ఆ పాత మనిషిలోని అన్వేషణే అతనిని కొత్త ద్వారం దాకా నడిపించిందని మరువరాదు. మిషనరీ నివేదికలు అనేకం ఈ సంగతిని చెప్పకుండా వదిలివేశాయి. ఎమ్మా క్లౌ వదలలేదు.

కొత్తగా చేరినవారికి క్లౌ మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. పైకి ఇవి మతపరమైన చిన్న నియమాలుగా కనిపిస్తాయి. కాని నాటి పల్లె వ్యవస్థలో ఒక్కొక్క నియమమూ ఒక్కొక్క సంకెలను తెంచింది. చచ్చిన గొడ్డును లాగి, తోలు తీసి, రైతుకు చెప్పులు, మోటతిత్తులు కుట్టి ఇవ్వడం మాదిగ బాధ్యత. ఆ మాంసమే అతని కూలిలో ఒక భాగం. జాతరలో డప్పు కొట్టడం అతని విధి. ఆదివారం పనికి రానన్నవాడు వెట్టిని ధిక్కరించినవాడే. డప్పు కొట్టనన్నవాడు ఊరి దేవతనూ ఊరి పెద్దలనూ ఒకేసారి కాదన్నవాడే. అందుచేత కరణాలు, మునసబులు ఊరుకోలేదు. బావుల వద్ద నీళ్ళు ఆపారు, పనులు మాన్పించారు, అబద్ధపు కేసులు పెట్టించారు. యజమాని హక్కు తెగిపోయిందని పాల్ చెప్పిన మాటను పల్లెవారు అక్షరాలా తీసుకున్నందువల్లనే ఈ ఘర్షణ తలెత్తింది.

1876–78 సంవత్సరాలలో మహా కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుగా తీసుకుని వేలాదిమందికి కూలి కల్పించాడు. ఆ కాలంలో బాప్తిస్మం కోరి వచ్చినవారు ఎందరో ఉన్నా, అన్నం కోసం వచ్చారన్న నింద రాకూడదని కరువు పని సాగినంతకాలం ఎవరికీ ఇవ్వలేదు. పని ముగిసి సహాయం ఆగిపోయిన తరువాత, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. కొన్ని నెలల్లో ఆ సంఖ్య 9,000 దాటింది. ప్రపంచ క్రైస్తవ పత్రికలన్నీ ఈ వార్తను ప్రచురించాయి. మెచ్చుకున్నవారున్నారు, ఇంతమంది హృదయాలు ఒక్కరోజులో మారతాయా అని సందేహించినవారూ ఉన్నారు.

ఆ సందేహం న్యాయమైనదే. కాని అడిగినవారు పాశ్చాత్య వ్యక్తివాదులు. మనిషి ఏకాంతంలో మారతాడని వారి భావన. తెలుగు పల్లెలో మనిషి ఏకాంతంలో బ్రతకడు, ఏకాంతంలో మారడు. వాడ మారితేనే అతను మారగలడు. బావి, వివాహం, శ్మశానం, అప్పు అన్నీ వాడతోనే ముడిపడి ఉన్నాయి. వాడను విడిచి ఒక్కడుగా 'చనిపోయిన' మనిషికి మళ్ళీ లేవడానికి చోటుండదు. గుంపులుగా కదలడంలో భక్తి ఎంత, ఆశ ఎంత అని విడదీయడం చరిత్రకారునికి సాధ్యం కాదు. గుంపు లేనిదే భద్రత లేదన్నది మాత్రం స్పష్టం.

మెతుకుసీమ నుంచి ఇందూరు దాకా

నిజాం రాజ్యంలో వెస్లియను మెథడిస్టు మిషను పని 19వ శతాబ్దం చివరి పాతికేళ్ళలో సికింద్రాబాదు కేంద్రంగా మొదలైంది. చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో సికింద్రాబాదుకు వచ్చి, తరువాత మెదకులో స్థిరపడ్డాడు. కరువు రోజులలో పనికి అన్నం పద్ధతిన ఆయన కట్టించిన మెదకు చర్చి 1914లో ప్రారంభమై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడింది. నేటికీ క్రిస్మసు పండుగకు చుట్టుప్రక్కల జిల్లాల నుండి జనం బండ్లమీద, బస్సులమీద తరలివస్తారు. వారిలో క్రైస్తవులు కానివారు కూడా అసంఖ్యాకం. 1947 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మెదకు దానిలో ఒక డయొసీసు అయింది. నిజామాబాదు ప్రాంత సంఘాలు దాని క్రిందకే వచ్చాయి.

ఇందూరు జిల్లాలో ఈ బోధనకు మరొక రూపం డిచ్‌పల్లిలో కనిపిస్తుంది. స్కాట్లండుకు చెందిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1907లో హైదరాబాదు రాజ్యానికి వచ్చారు. ఆనాడు కుష్ఠురోగి బ్రతికుండగానే చనిపోయినవానితో సమానం. ఊరి వెలుపల పాకలో వదిలివేయబడేవాడు. భార్యాబిడ్డలు దూరమయ్యేవారు. కెర్ దంపతులు 1911లో నిజామాబాదులో చిన్న ఆశ్రయం తెరిచారు. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత ఇచ్చిన పెద్ద విరాళంతో 1915లో డిచ్‌పల్లిలో ఆస్పత్రి వెలసింది. చాల్‌మూగ్రా జాతి నూనెతో తయారైన సూదిమందును అక్కడ విస్తృతంగా వాడారు. ఇసబెల్ కెర్‌కు 1923లో కైసర్-ఎ-హింద్ పతకం లభించింది. ఆమె 1932లో మరణించింది. అక్కడ పనిచేసిన జాన్ లో అనే వైద్యుడు తరువాతి కాలంలో నైజీరియాలో డాప్సోను మాత్రల వాడకాన్ని నిరూపించి, కుష్ఠువ్యాధి చికిత్స చరిత్రలో పేరు పొందాడు.

డిచ్‌పల్లిలో చేరిన రోగులలో అన్ని మతాలవారూ ఉండేవారు. అక్కడ మొదట లభించినది మతం కాదు, నివాసం. పేరుతో పిలిచేవారు, గాయం కడిగేవారు, పని నేర్పేవారు దొరికారు. ఊరు 'చచ్చినవాడు' అన్న మనిషిని ఆ ఆవరణ బ్రతికినవానిగా లెక్కించింది. కొత్త జీవితమన్న మాటకు ఆ రోగులు ఇచ్చుకున్న అర్థం పుస్తకంలోది కాదు, మానిన గాయంలోది. ఒక హిందువు ధనంతో, ఒక క్రైస్తవ స్త్రీ వైద్యంతో, ఒక ముస్లిం రాజు రాజ్యంలో అది నిలబడింది.

ఇదే జిల్లాలో మరొక 'పాత జీవితం' కూడా ఉండేది. పేద దళిత కుటుంబాల ఆడపిల్లలను గ్రామదేవత పేర జోగినులుగా విడిచే దురాచారానికి నిజామాబాదు ముఖ్య స్థానాలలో ఒకటి. దానిని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1988లో చట్టం చేసింది. గ్రామదేవత కొలుపును నిజంగా విడిచిన ఇంటి ఆడపిల్లకు ఆ ప్రమాదం తప్పింది. పాతదాని మరణం ఎవరికి మేలు చేసిందని ప్రశ్నించేవారు ఈ పిల్లలను గూడా లెక్కలోకి తీసుకోవాలి.

రెండు పేర్లు

బాప్తిస్మం జరిగిన మరునాడు ఏమయింది? ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు వెదకిన గ్రంథం పి. వై. లూక్, జాన్ కార్మన్ అనే ఇద్దరు కలిసి వ్రాసి 1968లో ప్రచురించిన పరిశోధన. మెదకు డయొసీసులో, హైదరాబాదు నుండి నిజామాబాదు పోయే దారిలోని వడియారం పాస్టరేటు పల్లెలను వారు పరిశీలించారు. లూక్ స్వయంగా సంఘ సేవకుడు, కార్మన్ మతచరిత్ర పండితుడు. తమ సంఘాన్ని గురించి తామే వ్రాసినా వారు మెప్పు కోసం వ్రాయలేదు.

వారు చూచినదేమిటి? పల్లె క్రైస్తవునికి తరచు రెండు పేర్లున్నాయి. ఒకటి బాప్తిస్మపు రిజిస్టరులో, మరొకటి వాడలో, పట్వారీ లెక్కల్లో. చర్చిలో ఏసుదాసు అయినవాడు చేనులో ఎల్లయ్యే. ప్రార్థనకు వెళ్ళినవారే పిల్లకు మశూచి సోకితే పోచమ్మ గుడి వైపు చూశారు. ఊరి పండుగలను పూర్తిగా విడిచినవారు తక్కువ. తెలంగాణలో అన్ని కులాలవారూ పాల్గొనే పీర్ల పండుగలోనూ వారు కనిపించారు. గురువు నెలకోసారి వచ్చే పల్లెలో, చదువు రాని మనిషికి, పాత భయాలను ఒక్క మునకతో కడిగివేయడం అసాధ్యమని ఆ గ్రంథం చదివినవారికి బోధపడుతుంది.

దీనిని చూచి ఆ మతాంతరమంతా బూటకమని తీర్పు చెప్పేవారున్నారు. ఆ తీర్పు తొందరపాటు. అదే పల్లెల్లో చచ్చిన గొడ్డు మాంసం మానినవారున్నారు. పిల్లలను బడికి పంపినవారున్నారు. దొర ముందు తలెత్తి నిలిచినవారున్నారు. పాత మనిషి చావు ఒక రోజున జరిగే సంఘటన కాదని, తరాలు పట్టే వ్యవహారమని మాత్రమే వడియారం సాక్ష్యమిస్తున్నది. పాల్ కూడా తన లేఖలలో బాప్తిస్మం పొందినవారినే మళ్ళీ మళ్ళీ పాత స్వభావాన్ని విడవమని హెచ్చరించవలసి వచ్చింది. చనిపోయినవానికి హెచ్చరిక ఎందుకు? వాడు ఇంకా పూర్తిగా చనిపోలేదు గనుకనే.

చట్టం ముందు

స్వాతంత్ర్యానంతరం ఈ ప్రశ్న చర్చి ఆవరణ దాటి న్యాయస్థానానికి చేరింది. బ్రిటిషు ప్రభుత్వం 1936లో జారీ చేసిన ఉత్తర్వు ఇండియను క్రైస్తవులను షెడ్యూల్డు కులాల జాబితా నుంచి మినహాయించింది. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి జారీ చేసిన ఉత్తర్వులో మూడవ పేరా హిందూ మతం తప్ప వేరు మతం అవలంబించిన వారెవరూ షెడ్యూల్డు కులస్థులు కారని పేర్కొన్నది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ మినహాయింపు తొలగించబడింది. క్రైస్తవులకూ ముస్లిములకూ తొలగించబడలేదు.

చట్టం చెప్పినదాని సారాంశమేమంటే, బాప్తిస్మంతో పాత కులం మరణించిందని. ఇది పాల్ చెప్పిన మాటే. కాని పాల్ నోట అది విమోచన, రిజిస్టరు నోట అది శిక్ష. ఊరిలో అతని ఇల్లు వాడలోనే ఉన్నది. అతని కూతురికి సంబంధం వాడ నుంచే వస్తున్నది. అవమానించేవాడు అతని బాప్తిస్మపు పత్రం చూచి ఆగడు. మద్రాసులో రోడ్డు ప్రక్కన చెప్పులు కుట్టుకునే ఒక క్రైస్తవుడు, ప్రభుత్వం చెప్పులు కుట్టేవారికి ఉచితంగా ఇచ్చే బంకు తనకు నిరాకరించబడినందుకు సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. కులపు బాధలు క్రైస్తవ మతంలోనూ అంతే తీవ్రంగా కొనసాగుతున్నాయన్న రుజువు లేదని 1985లో కోర్టు అతని వాదన త్రోసిపుచ్చింది. 2015లో మరొక తీర్పులో, మతాంతరం చెందిన కుటుంబంలోనివాడు తిరిగి హిందువైతే, కులస్థులు అంగీకరిస్తే, పాత కులహోదా తిరిగి లభిస్తుందని అదే కోర్టు చెప్పింది. చనిపోయిందన్న కులం మళ్ళీ లేవగలదన్నమాట. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తనను కులం పేరుతో దూషించారని ఫిర్యాదు చేసిన ఒక పాస్టరుకు అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని తీర్పునిచ్చింది.

మినహాయింపును తొలగించమని రంగనాథ్ మిశ్రా కమిషను 2007లో సిఫారసు చేసింది. 2022లో కేంద్రం ఈ విషయమై మాజీ ప్రధాన న్యాయమూర్తి కె. జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరొక కమిషనును నియమించింది. దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానించింది. రాష్ట్ర స్థాయిలో మాత్రం 1970 నుండి వెనుకబడిన తరగతుల 'సి' గ్రూపుగా 1 శాతం రిజర్వేషను వారికి ఉన్నది.

దీని ఫలితం పల్లెల్లో రెండు పేర్ల ఆచారం మరింత గట్టిపడడం. ఆదివారం ఒక పేరు, సర్టిఫికెట్టులో ఒక పేరు. విశ్వాసాన్ని బహిరంగంగా చెప్పుకుంటే బిడ్డ చదువు పోతుంది, దాచుకుంటే మనస్సాక్షి పోతుంది. పాత మనిషిని చంపమని చర్చి అంటుంది, చంపితే నీకేమీ లేదని ఆఫీసు అంటుంది. మనుషులను వారి విశ్వాసం గురించి అబద్ధమాడేలా చేసే ఏర్పాటు వలన ఏ మతానికీ, ఏ రాజ్యానికీ గౌరవం పెరగదు. డోర్నకల్లు బిషపు అజరయ్య (1874–1945) స్వాతంత్ర్యానికి ముందే, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని వాదించాడు. సంఘం రాజకీయ లాభాల కూటమి అయితే దాని సాక్ష్యం చెడుతుందని ఆయన భయం. ఆ సూత్రం గొప్పదే. కాని లాభాన్ని వదులుకోవడం వేరు, న్యాయాన్ని కోల్పోవడం వేరు.

ముస్లిం పాఠకునికి అద్దం

ఈ చరిత్రను దూరం నుండి చూచి తప్పుకునే వీలు తెలుగు ముస్లిములకు లేదు. 1950 ఉత్తర్వులోని అదే పేరా దళిత మూలాలున్న ముస్లిములను కూడా వెలుపల నిలిపింది. తెలుగు మాట్లాడే దూదేకుల సోదరులలో నిన్నమొన్నటి దాకా హిందూ పేర్లు, హిందూ ఆచారాలు కలిసి ఉండేవి. వారిని సాటి ముస్లిములే చిన్నచూపు చూచిన సందర్భాలు తక్కువ కాదు. కొత్తగా వచ్చినవానిని 'వాడెవరి కొడుకు' అని అడిగే అలవాటు మసీదు మెట్ల మీద కూడా ఉన్నది.

హైదరాబాదు రాజ్యంలోనే ఒక చేదు పాఠం ఉంది. 1920ల చివరి నుండి నవాబ్ బహాదుర్ యార్ జంగ్ (1905–1944) సాగించిన తబ్లీగు ఫలితంగా దళితులు పలువురు ఇస్లాంలోకి వచ్చారు. ఆయన వాగ్ధాటి, చిత్తశుద్ధి ప్రశంసింపబడ్డాయి. కాని 1948 సెప్టెంబరులో రాజ్యం కూలిపోయినప్పుడు ఆ పల్లెవారికి అండగా నిలిచే సంఘం లేకపోయింది. వారిలో పలువురు పాత పేర్లకు తిరిగి వెళ్ళారు. వారిని నిందించడం సులభం. కలిమా చెప్పించినవారు వారికి బావి, బడి, బంధుత్వం కల్పించారా అని అడగడం కష్టం. సింహాసనం నీడ ఇల్లు కాదు. పొద్దు తిరిగితే నీడ తొలగిపోతుంది.

ఇస్లాం తొలి కాలంలో ఈ సమస్యకు దొరికిన పరిష్కారం జ్ఞాపకం చేసుకోదగినది. హజ్రత్ బిలాల్ (రజి) యజమాని ఉమయ్యా ఆయన ఎదపై బండ మోపించాడు. హజ్రత్ అబూబక్ర్ (రజి) బోధించి ఊరుకోలేదు, కొని విడిపించారు. ఆ బానిసే మదీనాలో తొలి ముఅజ్జిన్ అయ్యారు. పేర్ల విషయంలో దైవప్రవక్త (స) విగ్రహారాధనను సూచించే పేర్లను, చెడు అర్థమిచ్చే పేర్లను మాత్రమే మార్చారు. బిలాల్, ఉమర్, ఖాలిద్ అన్న పేర్లు జాహిలియ్యత్ కాలం నాటివే, అవి అలాగే నిలిచాయి. చావవలసినది పేరు కాదు, దాస్యం.

క్రీ.శ. 622లో హిజ్రత్ జరిగినప్పుడు ముహాజిర్లు ఇల్లు, వ్యాపారం, బంధువులు అన్నీ మక్కాలో వదిలి వచ్చారు. ఒక విధంగా వారి పాత జీవితం అక్కడే మరణించింది. అప్పుడు దైవప్రవక్త (స) చేసిన మొదటి పనులలో ఒకటి ముఆఖాత్. ఒక్కొక్క ముహాజిర్‌ను ఒక్కొక్క అన్సారీకి సోదరునిగా కలపడం. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) పూర్వనామం అబ్దు అమ్ర్. ఇస్లాంలో ఆయన పేరు మారింది. మదీనాలో ఆయనకు సోదరుడైన సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. అబ్దుర్రహ్మాన్ (రజి) దానిని స్వీకరించక, బజారుకు దారి చూపమన్నారు. వెన్న, జున్ను అమ్మి తన కాళ్ళ మీద తాను నిలబడ్డారు.

ఈ సంఘటనలో ఇచ్చినవాని ఔదార్యం, పుచ్చుకోనివాని ఆత్మగౌరవం రెండూ ఉన్నాయి. కొత్త మనిషికి కావలసినది ఈ రెండే. సగం ఆస్తి ఇవ్వజూపేంత దగ్గరి సోదరుడు, తన చెమటతో బ్రతకడానికి తెరిచి ఉన్న బజారు. గుండ్లకమ్మలో మునిగినవారికి, మెదకు గోపురం క్రింద మోకరించినవారికి, హైదరాబాదు రాజ్యంలో కలిమా చదివినవారికి పాత మనిషిని విడవమని చెప్పినవారు చాలామంది దొరికారు. విడిచి వచ్చినవానికి ఇల్లు చూపినవారు, బజారుకు దారి చూపినవారు తక్కువ. ఏ ధర్మం పేరుతో పిలిచినా, పిలిచినవారి బాధ్యత పిలుపుతో ముగియదు. అక్కడే మొదలవుతుంది.